అవ్వ పద్దు పుస్తకంలో మన కాయలు

తాత కొత్వాల్ చావిడిలో ఉల్లిపాయల మండీ నడిపిన రోజుల పద్దు పుస్తకాలు నా దగ్గర పన్నెండు ఉన్నాయి. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. పదకొండింట్లో బస్తాలు, కూలీలు, బాకీలు. పన్నెండోది అవ్వది. అందులో ఒక్క ఉల్లిపాయ కూడా లేదు. దుర్ముఖి నుంచి సిద్ధార్థి దాకా, అంటే 1956 నుంచి 1979 దాకా వచ్చిన ఇరవై నాలుగు ధనుర్మాసాల్లో, వైకుంఠ ఏకాదశి రాత్రి మన ఇంటి పిల్లల్లో ఎవరి కాయ వైకుంఠపాళీలో ఏ గడి దగ్గర ఆగిందో రాసిపెట్టిన పుస్తకం అది. పేరు, గడి, పక్కన ఒకటి రెండు మాటలు. అంతే.

ఈ పుస్తకం సంగతి మనవాళ్ళలో పెద్దవాళ్ళకి తెలుసు. చిన్నవాళ్ళకి తెలియదు. ఇన్నాళ్ళూ దాని గురించి రాయకపోవడానికి నా కారణాలు నాకున్నాయి, అవి కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తాయి. ఇప్పుడు రాయడానికి కారణం మాత్రం మా మనవడూ, వాడు ఆడే ఇంకో ఆటా.

ముందు మన ఆట. టంకశాల వీధి పక్క సందులో మన పాత ఇల్లు చూసినవాళ్ళకి నడవా గుర్తుండాలి. ఏకాదశి రాత్రి జాగారానికి అక్కడే చాప పరిచి పటం వేసేవాళ్ళు. మన పటంలో 132 గళ్ళు. అచ్చువేసిన కాగితాన్ని గంజిపెట్టిన గుడ్డకి అంటించింది, మడతల దగ్గర రంగు పోయి తెల్లగా అయిపోయింది. అడుగు వరసల్లో జంతువులు, నడుమ లోకాలు, గుణాలు, పైన వైకుంఠం. భక్తి, వైరాగ్యం, చిత్తశుద్ధి ఉన్నచోట నిచ్చెనలు. పాములకి దుర్యోధనుడు, నరకాసురుడు, కర్కోటకుడు అని పేర్లు. అన్నిటికంటే పెద్దది 106వ గడిలో ఉండేది. దాని నోట్లో పడితే నేరుగా కింద పంది గడికి. ఇదే ఆట 19వ శతాబ్దం చివర ఇంగ్లండు వెళ్ళి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయి, నూరు గళ్ళతో తిరిగొచ్చి మనకే అట్టపెట్టెల్లో అమ్ముడుపోయింది. ఆ అట్టపెట్టె ఆట అరగంటలో అయిపోతుంది. మన ఇంట్లో మాత్రం ఇరవై నాలుగేళ్ళు ఆడినా అవలేదు.

ఎందుకు అవలేదంటే అవ్వ పెట్టిన షరతుల వల్ల. ఆరు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. దాయం పడితేనే కాయ లోపలికి దిగాలి. కాయ ఆగిన గడిలో ఏం రాసుందో ఆ పిల్లే, ఆ పిల్లవాడే చదవాలి. తడుముకుంటే అక్షరం అక్షరం కూడబలికించేది. చదివాక ఆ పేరు వెనక కథ చెప్పాలి. రాకపోతే అవ్వ చెప్పేది, అది వినక తప్పదు. పదిమంది పిల్లలు ఒక చుట్టు తిరిగేసరికి అరగంట పైమాటే. నిద్రపోయినవాడి వంతు పోయినట్టే. గవ్వ పటం దాటి బయట పడితే ఆ విసురు చెల్లదు. తెల్లవారుజామున ఆడవాళ్ళు తిరువళ్ళికేణి పార్థసారథి కోవెలకి సొర్గవాసల్ చూడ్డానికి బయల్దేరే వేళకి ఆట ఆపాలి, ఎవరు ఎక్కడుంటే అక్కడే. పొద్దున తలంటుకి ముందు అవ్వ పద్దు పుస్తకం తీసి రాసేది. మళ్ళీ సంవత్సరం కాయ ఆ గడి నుంచే లేచేది. రాత్రంతా కలిపి ఏడెనిమిది విసుర్లకు మించి ఎవరికీ దక్కేవి కావు.

ఈ చివరి షరతు వేరే ఇళ్ళలో ఉన్నట్టు నేనైతే వినలేదు. మన బంధువుల ఇళ్ళలో కూడా ఏడాదికేడాది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళే. మండీ ఇంటి కోడలు కదా, గత సంవత్సరపు నిలవ ఎత్తి రాయకుండా కొత్త పద్దు తెరవడం అవ్వకి చేతనయ్యేది కాదు. దాని వల్ల ఏమయిందంటే, నాకు ఆరేళ్ళప్పుడు విశ్వావసులో దిగిన కాయా, ఇరవై ఏళ్ళకి సిద్ధార్థిలో నేను నడిపిన కాయా ఒకటే. అది నాతో పెరిగింది. ఎస్సెల్సీ ఏడు రెండు విసుర్లే వేసి పడుకున్నాను, పుస్తకంలో ఉంది: ‘61. పరీక్షలు.’

ఇప్పుడు మనవడి ఆట. పెరంబూరు ఫ్లాట్‌లో మా అమ్మాయి వాళ్ళూ మేమూ ఒకే ఇంట్లో ఉంటాం. శనివారం రాత్రి పూట వాడి గదిలోంచి ఏవో బల్లమీద దొర్లిన చప్పుడు, తర్వాత కేకలు, తర్వాత నిశ్శబ్దం. మొదట్లో పేకాటేమో అనుకుని మా ఆవిడ భయపడింది. వెళ్ళి చూస్తే ముగ్గురు పిల్లలు నేలమీద, ఇద్దరు కంప్యూటర్ తెరమీద, మనవడు మాత్రం అట్ట అడ్డం పెట్టుకుని దాని వెనక. ఆ ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు పుట్టించారట. పటం తప్పనిసరి కాదు. ఒకడు కథ చెబుతాడు, వాడు డంజియన్ మాస్టర్. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వేషం: మంత్రగాడు, కత్తివీరుడు, దొంగ, దేవుణ్ణి కొలిచేవాడు. ‘గోడ దూకుతాను’ అంటే ఊరికే దూకలేరు. ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఎంత పడిందో చూసి మనవడు చెబుతాడు, దూకావో కాలు విరిగిందో.

నాకు ఇందులో కొత్తేం కనబడలేదు. పిల్లలు చుట్టూ కూర్చుని, పాచిక వేసి, పడిన దాన్నిబట్టి కథ వింటున్నారు. మనవడితో అంటే వాడు నవ్వి, ‘కాదు తాతా, ఇందులో లెవెల్స్ ఉంటాయి’ అన్నాడు.

లెవెల్స్ సంగతి వాడి దగ్గర నేర్చుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది, నేర్చుకున్నాక వాడికంటే నాకే పిచ్చి ఎక్కువైంది. ఒక్కో వేషం ఒకటో లెవెల్లో మొదలై ఇరవై దాకా పోవచ్చు. చంపిన రాక్షసులకీ, దాటిన గండాలకీ పాయింట్లు. 300 పాయింట్లు వస్తే రెండో లెవెల్. 900కి మూడు. 2,700కి నాలుగు, 6,500కి అయిదు. పదో లెవెల్‌కి 64,000 కావాలి. ఇరవైకి 3,55,000. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసిన వాణ్ణి, ఈ పట్టిక చూడగానే నాకు అనుమానం వచ్చింది. ‘ఇరవై దాకా ఎవరైనా పోతారట్రా?’ అని అడిగాను. ‘రూల్స్‌లో ఉంది తాతా’ అన్నాడు. ‘రూల్స్‌లో ఉన్నది కాదు, నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా?’ తల గోక్కున్నాడు. ఎవరూ లేరు.

ఆ కంపెనీ అచ్చువేసే కథల పుస్తకాలు చూసినా ఇదే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకని 2014లో పెట్టెలో పెట్టి ఇచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ అయిదో లెవెల్ దగ్గర అయిపోతుంది. 2016లో వచ్చి బాగా పేరు తెచ్చుకున్న ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ పదో లెవెల్ దగ్గర. ఇరవై దాకా తీసుకుపోయే పుస్తకమూ ఉంది, 2018లో వచ్చిన ‘డంజియన్ ఆఫ్ ది మ్యాడ్ మేజ్’, నేలకింద ఇరవై మూడు అంతస్తులు. కానీ అలాంటివి తక్కువ. పాత రోజుల్లో ఇంకా దూరం పోయారు. 1983 నుంచి 86 దాకా ఒకదాని తర్వాత ఒకటి అయిదు పెట్టెలు వచ్చాయట, నాలుగో పెట్టెకి 36వ లెవెల్. అయిదో పెట్టెలో ఆడేవాడు అమరుడైపోతాడు. వింటూనే మా ఆవిడ ‘అదేగా వైకుంఠం’ అంది. ఆ అయిదో పెట్టె దాకా వరసగా ఆడి చేరినవాళ్ళు ఎంతమందో గానీ, మొదటి పెట్టె కొన్నవాళ్ళలో వాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే అయ్యుంటారని నా బ్యాంకు బుద్ధికి తోస్తుంది.

ఇంకో ముచ్చట. ఇప్పటి ఆటలో ఎక్కిన లెవెల్ దిగడం లేదు. పాత ఆటలో ఉండేదట. వైట్ అనే ఒక రకం ప్రేతం తాకితే ఒక లెవెల్ పోయేది, రక్తపిశాచి తాకితే రెండు. ఆడేవాళ్ళు గోల పెట్టి పెట్టి చివరికి తీయించేసుకున్నారు. మనవడు ఇది చెప్పినప్పుడు నేను 106వ గడి పాముని తలుచుకున్నాను. దాని నోట్లో రెండుసార్లు పడ్డాను. రెండోసారి ఏడిస్తే అవ్వ నాకు పంది గడి కథ చెప్పింది. విష్ణుమూర్తే పంది అయ్యాడు, నీకేం నామోషీ రా అని. పాము లేని ఆటలో ఆ కథ వినే అవకాశం రాదు కదా అన్నాను. ‘లెవెల్ పోతే మావాళ్ళు ఆటే మానేస్తారు తాతా’ అన్నాడు వాడు. నిజమే కావచ్చు. మేం మానేద్దామన్నా మాననిచ్చేవాళ్ళు కాదు, అదీ తేడా.

వాడి జట్టు రెండేళ్ళ పైన ఆడింది. మొదట పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళు. తర్వాత విసుగొచ్చి, కథలో ఒక మజిలీ దాటితే అందరికీ ఒక లెవెల్ అని పెట్టుకున్నారు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకొక కథ చెప్పినట్టు. మొదటి నాలుగు లెవెల్స్ వేసవి సెలవుల్లో గడిచిపోయాయి. అయిదు నుంచి ఆరుకి పోవడానికి అయిదు నెలలు. ఏడుకి రావడానికి దాదాపు ఏడాది. అడిగితే రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, పెద్దయ్యేకొద్దీ ఒక్కొక్కరికీ చెయ్యగల పనులు ఎక్కువవుతాయి, ఒక్క యుద్ధానికే రాత్రంతా పడుతుంది, కథ చెప్పేవాడికి పని మూడింతలు. ఎంత గొయ్యి తవ్వినా మంత్రగాడు ఎగిరిపోతాడు, పైకి పోయేకొద్దీ చచ్చినవాణ్ణి లేపే మంత్రం కూడా వస్తుంది, ఇంక దేనికి భయపెట్టాలి? రెండో కారణం అంతకంటే చిన్నది. అయిదుగురికీ ఒకే శనివారం ఖాళీ ఉండటం లేదు.

గత ఏడాది ప్లస్ టూ మొదలైంది. ఒకడికి కోచింగ్, ఒకమ్మాయి వాళ్ళు కోయంబత్తూరు మారిపోయారు, ఇంకొకడికి శనివారాలు టెస్టులు. ఏడో లెవెల్లో, ఒక నదిమీద పడవలో, అవతలి ఒడ్డున ఎవరో దీపం ఊపుతుండగా ఆట ఆగిపోయింది. మళ్ళీ మొదలవలేదు. మనవడు ఆ అట్టనీ పాచికలనీ అల్మారా పైన పెట్టాడు. ఒకరోజు భోజనాల దగ్గర, ‘ఇరవై ఉంటే ఏడే ఆడాం. సగం కూడా కాదు. వేస్ట్ తాతా’ అన్నాడు. ఆ మాట తేలిగ్గా అనలేదు. పదిహేడేళ్ళవాడు కళ్ళు దించుకుని పెరుగన్నం కలుపుతున్నాడు.

అప్పుడు తీశాను అవ్వ పుస్తకం.

మేం మొత్తం పద్నాలుగు మందిమి ఆ పుస్తకంలో ఉన్నాం. వాడి ముందర కూర్చుని లెక్కవేశాను. వైకుంఠం చేరింది ఇద్దరు. 106 పాము దాటి, చేరకుండా మిగిలింది ఇద్దరు. యాభైకీ నూట అయిదుకీ మధ్య ఏడుగురు, అందులో నేనొకణ్ణి, 94. నలభై దాటనివాళ్ళు ముగ్గురు. ఇరవై నాలుగేళ్ళు, ఏడాదికి ఏడెనిమిది విసుర్లు, పద్నాలుగు మంది, ఇద్దరు.

ఎక్కడ ఆగారన్నదానికంటే ఎందుకు ఆగారన్నది చూడమన్నాను వాణ్ణి. ప్రతి పేరుకీ చివరి పద్దు పక్కన అవ్వ ఒక మాట రాసింది. ‘పెళ్ళి.’ ‘పెళ్ళి.’ ‘బెంగుళూరు.’ ‘పెళ్ళి.’ ‘ఉద్యోగం, రాలేదు.’ ‘పెళ్ళి, అత్తగారు పంపలేదు.’ ఒక్క చోట కూడా పాము అని లేదు. పాము మింగినవాళ్ళంతా మళ్ళీ ఏడు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఆడపిల్లలు అందరూ మగపిల్లల కంటే ముందే ఆగిపోయారు, అదీ పుస్తకంలోనే తెలుస్తుంది. పెద్దత్తయ్య రెండో కూతురు 103 దగ్గర ఉంది, అందరికంటే బాగా కథలు చెప్పేది, ఇంకొక్క ఏడు ఉంటే పాము దాటేదో మింగించుకునేదో. పంతొమ్మిదేళ్ళకి రాజమండ్రి ఇచ్చి పంపారు. తర్వాతి రెండేళ్ళూ అవ్వ ఆమె పేరు రాసి, గడి రాసి, పక్కన గీత పెట్టింది. మూడో ఏడు పేరు లేదు.

వైకుంఠం చేరినవాళ్ళ సంగతి వేరే. పెద్దత్తయ్య కొడుకు, మీకందరికీ తెలిసినాయనే, కీలకలో చేరాడు. ఆ రాత్రి అవ్వ హారతి ఇచ్చింది, చేతికి అర్ధరూపాయి ఇచ్చింది. మళ్ళీ ఏడు ఆయనకి చెయ్యడానికి ఏమీ లేదు. చాప చివర కూర్చుని మా గవ్వలు ఏరి ఇచ్చాడు. ఆ పై ఏడు ‘అవ్వా, నన్ను మళ్ళీ మొదట్నుంచి దింపు’ అని బతిమాలాడు. ‘వైకుంఠం పోయినవాడికి మళ్ళీ పుట్టుక ఏందిరా’ అని అవ్వ ఒప్పుకోలేదు. పాపం, ఆయన తర్వాత ఏకాదశికి సినిమాకి పోవడం మొదలుపెట్టాడు. ఇది చెబితే మనవడు మొదటిసారి నవ్వాడు. ఇరవయ్యో లెవెల్ చేరిన వేషాల గతి కూడా అదేనట, ఆ తర్వాత ఎక్కడానికి లెవెల్ లేదు.

వాడు పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని తిరగేసి నాకే ఇచ్చేశాడు, ఎందుకంటే చదవలేడు. తెలుగు బాగా మాట్లాడతాడు, ఇంట్లో మాట్లాడే భాషే అది. బడిలో తమిళం, ఇంగ్లీషు, హిందీ. రాయడం చదవడం నేర్పలేదు, నాదే తప్పు. ఆరేళ్ళకి నేను ‘చిత్తశుద్ధి’ అని గడిలో కూడబలికినవాణ్ణి, నా మనవడికి అ ఆలు దిద్దించలేదు. వాడు ఫోన్‌తో ఆ పుటలన్నీ ఫోటోలు తీశాడు. ఎవరికి పంపుతున్నావని అడగలేదు. వాడు చెప్పనూ లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. 2004లో టంకశాల వీధి ఇల్లు అమ్మినప్పుడు అన్నయ్యకీ నాకూ మాట పట్టింపు వచ్చింది. వాటాల లెక్క. ఎవరిది న్యాయం అన్నది ఇక్కడ రాయను, రాస్తే నా వైపే రాస్తాను. అన్నయ్య హైదరాబాదు వెళ్ళిపోయి మియాపూర్‌లో స్థిరపడ్డాడు. రెండు పెళ్ళిళ్ళలో కలిశాం, బాగున్నావా అంటే బాగున్నా అన్నాం, అంతే. మా ఇద్దరి మధ్య మాటలు లేకపోయినా ఆడవాళ్ళు ఏనాడూ మానలేదు. తిరుపతిలో ఆ రెండో పెళ్ళిలో మా మనవడూ అన్నయ్య మనవడూ ఒకే గదిలో పడుకున్నారు. అక్కడే ఈ ఆట సంగతి మాట్లాడుకున్నారు. శనివారం రాత్రి తెరమీద కనబడే ఇద్దరిలో ఒకడు అన్నయ్య మనవడని నాకు ఏడాది దాకా తెలియదు. తెలిశాక కూడా తెలియనట్టే ఉన్నాను. వాడు ఆడిన వేషం కత్తివీరుడు, ఆ గదిలోంచి ‘పెద్దోడా, నువ్వు ముందు పో’ అని మనవడు అరుస్తుంటే విని ఊరుకునేవాణ్ణి.

హైదరాబాదు పిల్లవాడికి తెలుగు చదవడం వచ్చు. మనవడు పంపిన ఫోటోలు వాడు పుటా పుటా చదివి వినిపించాడట, తలుపు మూసుకుని, రెండు రాత్రులు. అవ్వ గొలుసుకట్టు రాత వాడికి అర్థం కాని చోట వాడు ఏం చేశాడంటే, పక్కగదిలో ఉన్న వాళ్ళ తాతని అడిగాడు.

అన్నయ్య కాయ సిద్ధార్థిలో 118 దగ్గర ఆగింది. 106 దాటిన ఆ ఇద్దరిలో ఆయనొకడు. అది అవ్వ రాసిన చివరి ఏడు. మళ్ళీ ధనుర్మాసానికి అవ్వ లేదు. పటం ఎవరూ పరవలేదు. ఇల్లు పంచుకున్నప్పుడు పద్దు పుస్తకాలూ పటమూ నా వైపు వచ్చాయి. గవ్వల సంచీ ఎటు పోయిందో నేను పట్టించుకోలేదు.

మొన్నటి ఏకాదశి విశ్వావసులోనే వచ్చింది, నా కాయ దిగిన పేరుగల సంవత్సరమే, అరవై ఏళ్ళు తిరిగి. ఆ సాయంత్రం ఏడున్నరకి ఫోన్ మోగింది. నంబరు నాకు తెలియదు. ‘ఒరే’ అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, బాగున్నావా లేదు, ఏమీ లేదు. ‘ఒరే, 118 అని రాసుంది. 118 కాదు.’

‘అవ్వ రాసింది అన్నా’ అన్నాను.

‘అవ్వ కునికింది. చివరి విసురు చూడలేదు. నాలుగు పడింది. 122. నువ్వు నా పక్కనే కూర్చున్నావు, నువ్వు చూశావు.’

చూశాను. నాకు బాగా గుర్తుంది. నాలుగు వెల్లకిలా పడ్డమాట నిజమే. అయితే ఒక గవ్వ పటం మీద నుంచి దొర్లి చాప మీద పడింది. పటం బయట పడితే చెల్లదు. ఆ మాటే అన్నాను.

‘అప్పుడూ ఇదే అన్నావు’ అన్నాడు.

‘అప్పుడూ నిజమే అది.’

కాసేపు ఇద్దరమూ ఏమీ అనలేదు. వెనకాల టీవీలో భద్రాచలం ఉత్తర ద్వారం గురించి ఎవరో చెబుతున్నారు, మా ఇంట్లోనూ అదే మోగుతోంది. తర్వాత ఆయన, గవ్వల సంచీ తన దగ్గరే ఉందన్నాడు. ఆరూ ఉన్నాయట. నేను పటం మడతల దగ్గర చిరిగిందని చెప్పాను. సిల్కు గుడ్డ మీద అంటిస్తే ఆగుతుంది, జిగురు వాడొద్దు, మైదా ఉడికించి రాయి అన్నాడు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇంటి అమ్మకం ఊసు రాలేదు. వస్తుంది, నాకు తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు రావాలి కూడా.

మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. ఫోన్ పెట్టాక ‘ఎవరు?’ అంది. తెలిసే అడిగింది. ‘అన్న. కాయ లెక్క తప్పు రాశామట’ అన్నాను. ‘మీదేనా తప్పు?’ అంది. సమాధానం చెప్పలేదు.

మనవడి జట్టు ఇంకా పడవలోనే ఉంది. పరీక్షలయ్యాక ఆడతారో లేదో వాడే చెప్పలేడు. అయితే ఒక పని చేశాడు. అల్మారా మీద నుంచి వాళ్ళ కాగితాలు దింపి, ఒక నోటుపుస్తకంలో అయిదుగురి వేషాల పేర్లు, లెవెల్, పక్కన ఒక్కొక్క మాట రాసుకున్నాడు, ఇంగ్లీషులో. ‘సెవెన్. కోయంబత్తూర్.’ ‘సెవెన్. కోచింగ్.’ ‘సెవెన్. బోట్‌లో.’ ఆదివారాలు నా దగ్గర అక్షరాలు దిద్దుతున్నాడు, ఒత్తుల దగ్గర ఇబ్బంది పడుతున్నాడు. పుస్తకంలో ‘పెళ్ళి’ అన్న మాట తనంతట తాను చదవగలిగాడు, అన్నిసార్లు ఉంది మరి.

ఈ వారంలో పుస్తకం పుటలన్నీ ఇక్కడ పెడతాను. అవ్వ రాత కష్టమైన చోట కింద నేను తిరగరాశాను. మీ మీ కాయ, మీ అమ్మల కాయ, ఏ గడిలో ఉందో చూసుకోండి. రాజమండ్రి అక్క పిల్లలు తప్పకుండా చూడాలి, 103. తప్పులుంటే చెప్పండి, సాక్ష్యం ఉంటే దిద్దుతాను. అన్నయ్య గడి దగ్గర మాత్రం అవ్వ రాసిన 118 అట్లాగే ఉంచి, పక్కన పెన్సిల్‌తో 122 వేసి, ప్రశ్నార్థకం పెట్టాను. ప్రశ్నార్థకం తీసెయ్యమని రోజూ ఫోన్ చేస్తున్నాడు.